ఇంటిపేర్లు

పుబ్బ కార్తె. గుర్రంపోడు శివారు బత్తాయి తోట.
రెండు గుంజలకు తెల్ల పంచె కట్టి
వెనక పాదరసం బల్బు వెలిగించి కూర్చున్నాం
నేను, తడిసి ఉబ్బిన రిజిస్టరు, కావలి జంగమ్మ.
నా కూలి పరిశోధన కేంద్రానిది.
ఆమెది, కాయ మీద తోట పట్టిన గుత్తేదారుది.
రాలిన కాయకు కోత.

మొదట చిన్నవి వాలాయి.
గోరంత లేని బూడిద పొట్టు,
రెక్క అంచున వెంట్రుకల కుచ్చు.
గెలెకిడే, అని రాశాను.
"గులాబి పురుగు తల్లి ఇదేనా?
కల్వకుర్తి కాడ మా రెండెకరాల చెల్కల
అన్నీ గుడ్డిపూలే పూయించింది, ఇదేనా?"
వేలు పక్కన పెట్టి కొలుచుకుంది.
"ఇంతే ఉన్నదా."
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

పదిన్నరకు గాలి చీల్చుకుంటూ ఒకటి,
వీపు మీద పుర్రె బొమ్మ.
స్ఫింజిడే. పురుగుగా నువ్వు చేను మేస్తుంది,
రెక్కలొస్తే తేనెతుట్టెలో దూరి దొంగిలిస్తుంది.
పట్టుకుంటే ఎలుకపిల్లలా కిచకిచమంది.
"దొంగతనానికి పోయేటిది గిట్లనా ఒర్లేది!"

నడిజాము దాటాక
ఏ సాగర్ గుట్టల నుంచి దారి తప్పిందో
లేతాకు రంగు రెక్కలు, జేనెడు తోకలు,
పంచె మూల నిశ్శబ్దంగా వాలింది.
శాటర్నిడే.
దీనికి నోరు లేదని చెప్పాను.
పురుగుగా తిన్న తిండి మీదే
ఈ వారం రోజుల రెక్కలు, జత, గుడ్లు, చావు.
అప్పుడే టిఫిను మూత తీసిన జంగమ్మ
జొన్నరొట్టె చేతిలో పట్టుకొని
అటు తిరిగి కూర్చుంది.
"నోరు లేనిదాని ముంగట తినబుద్ధి కాదు."

అసలైనది ఒంటిగంటకు వచ్చింది.
పై రెక్క ఎండుటాకు.
కింది రెక్క విప్పితే పసుపుముద్ద, మీద నల్ల కాటుక.
పంచె దాకా రాలేదు, కాయ మీదే వాలింది.
అది నాలుక కాదు, వడ్లోళ్ళ బర్మా.
తొక్క తొలిచి రసం పీలుస్తుంది,
మూడో రోజుకు ఆ తొర్ర చుట్టూ కుళ్ళు,
నాలుగో రోజుకు కాయ నేల మీద.
దాని వెనకే, కాస్త చిన్నది మరొకటి,
పాలమూరు ఆముదాల మీద
నడుం వంచి నడిచిన దాసరి పురుగు,
రెక్కలు కట్టుకొని ఇక్కడికి వచ్చింది.
"అగో, మా దిక్కుదే!" అంది జంగమ్మ.
చుట్టం కనబడ్డట్టు నవ్వింది కూడా.

రెండూ ఎరెబిడే.
పాత పుస్తకంలో నాక్టుయిడే అని ఉంది,
ఇప్పుడు మార్చారు.
"ఎవలు మార్చిన్రు?"
పెద్ద సార్లు. లోపలి పోలికలు చూసి.
"పాసుబుక్కుల మా మామ పేరు పోయి
పక్కోని పేరు పడ్డట్టా?
మరి పురుగుకు చెప్పిన్రా?"

"ఇది గుడ్లు యాడ పెడతది?"
అడక్కపోతే బాగుండేది.
బత్తాయి మీద కాదు జంగమ్మా,
కంచె మీది తిప్పతీగ మీద. దూసరి తీగ మీద.
పొద్దున్నే చక్కెర రోగానికని
ఆమె ఆకు తెంపుకునే తీగ.
"పక్కల మీద కండ్ల లెక్క చుక్కలుంటయి, నల్లది,
తోక లేపి చూస్తుంటది, గదేనా?
పాపమని జరిపి జరిపి తెంపుకున్న గదనే."

తెల్లారింది. నలభై ఒక్క కాయలు రాలాయి.
గోనెలో వేసింది, గుంత తీసి పూడ్చింది.
కొడవలి పట్టుకొని కంచె దగ్గరికి పోయి
నేను రిజిస్టరు నింపేంతసేపు అక్కడే ఉంది.
వచ్చేటప్పుడు కొడవలికి పసరు లేదు.
కొంగులో మాత్రం నాలుగు ఆకులు.
ఒకటి నమిలి, చేదుకు మొహం ముడిచింది.
'ఆశ్రయ మొక్క' గడిలో తిప్పతీగ అని రాశాను.
'తీసుకున్న చర్య' గడి వదిలేశాను.

బల్బు తీశాను. పంచె మడవాలి.
మూలన ఆ లేతాకు రెక్కలు ఇంకా ఉన్నాయి.
"ఎన్ని దినాలన్నవ్?"
వారం.
"అయితే జర ఆగు."